ఎర్ర బటన్ ఏం కాపీ చేసింది? 1980ల హోమ్ కంప్యూటర్ల బ్యాకప్ పరికరాలు

1980ల నడుమ బ్రిటన్‌లో జెడ్‌ఎక్స్ స్పెక్ట్రమ్ అనే హోమ్ కంప్యూటర్ ఉన్న ఇంట్లో ఆట ఆడాలంటే ముందు క్యాసెట్ పెట్టి ప్లే నొక్కాలి. టీవీ తెర అంచుల్లో ఎరుపు, లేత నీలం చారలు కదులుతాయి. తర్వాత నీలం, పసుపు చారలు పరుగెడతాయి. టేప్ రికార్డర్ కీచుమంటూ ఉంటుంది. టేపు మీద నుంచి సమాచారం సెకనుకు సగటున 1500 బిట్ల చొప్పున వస్తుంది. 48 కిలోబైట్ల మెమరీ మొత్తం నిండాలంటే లెక్క ప్రకారం నాలుగు నిమిషాల ఇరవై సెకన్లు పడుతుంది. చివరి పది సెకన్లలో టేపు కాస్త నలిగి ఉన్నా, హెడ్ మీద దుమ్మున్నా తెర మీద లోడింగ్ ఎర్రర్ వస్తుంది. అంతే, టేపు వెనక్కి తిప్పి మళ్లీ మొదటి నుంచి.

ఆ కంప్యూటర్ వెనక భాగంలో తగిలించుకోవడానికి 1986లో రొమాంటిక్ రోబో అనే కంపెనీ మల్టీఫేస్ వన్ అనే చిన్న నల్ల డబ్బాను అమ్మింది. దాని మీద ఒక ఎర్ర బటన్ ఉంటుంది. ఆట మధ్యలో, శత్రువు గాల్లో ఉండగా, ఆ బటన్ నొక్కితే అంతా ఎక్కడిదక్కడ ఆగిపోతుంది. తెర అడుగున చిన్న మెనూ వస్తుంది. సేవ్ ఎంచుకుంటే అప్పటి స్థితి మొత్తం టేపుకో, మైక్రోడ్రైవ్ అనే చిన్న నిల్వ పరికరానికో వెళ్తుంది. రిటర్న్ నొక్కితే శత్రువు గాల్లోంచి కిందికి దిగడం కొనసాగిస్తాడు. కమడోర్ 64కు డాటెల్ కంపెనీ యాక్షన్ రీప్లే, నెదర్లాండ్స్ నుంచి వచ్చిన ఫైనల్ కార్ట్రిడ్జ్ ఇలాంటి పనే చేశాయి. వీటన్నిటికంటే ముందే అమెరికాలో ఆపిల్ 2కు వైల్డ్‌కార్డ్ లాంటి కాపీ కార్డులు ఉన్నాయి.

ఈ పరికరాలను ‘బ్యాకప్’ పేరుతోనే అమ్మారు. దొంగ కాపీల యంత్రాలని ఆట కంపెనీలు తిట్టాయి. ఈ రెండు మాటల మధ్య అసలు విషయం మరుగున పడింది. ఇవి క్యాసెట్‌ను కాపీ చేయలేదు, ఫ్లాపీని కాపీ చేయలేదు. ఆ క్షణాన యంత్రం ఏ స్థితిలో ఉందో దాన్ని ఎత్తి పక్కన పెట్టాయి. వీటి బలం, వీటి లోపం, వీటి చుట్టూ నడిచిన చట్టాల గొడవ, ఇప్పటికీ మిగిలిన వారసత్వం అన్నీ ఆ ఒక్క తేడా నుంచే అర్థమవుతాయి.

బటన్ నొక్కగానే లోపల జరిగేది

స్పెక్ట్రమ్‌లో ఉన్నది జెడ్80 ప్రాసెసర్. నడుస్తున్న పనిని మధ్యలో ఆపించే పిలుపులు దానికి రెండు రకాలు ఉంటాయి. ఒకటి మామూలు ఇంటరప్ట్. ప్రోగ్రామ్ దాన్ని వద్దనుకుంటే ఆపేయొచ్చు. రెండోది నాన్-మాస్కబుల్ ఇంటరప్ట్, పొట్టిగా ఎన్‌ఎంఐ. దీన్ని ఏ ప్రోగ్రామూ కాదనలేదు. ఆ పిలుపు రాగానే ప్రాసెసర్ తాను ఎక్కడ పని చేస్తోందో ఆ చిరునామాను స్టాక్‌లో, అంటే మెమరీలో తాత్కాలికంగా రాసుకునే చోట, రెండు బైట్లుగా రాసుకుని, మెమరీలో 102వ చిరునామాకు దూకుతుంది.

స్పెక్ట్రమ్ తయారీదారులు అక్కడ ఒక చిన్న రొటీన్ పెట్టారు. 23728వ చిరునామాలో వినియోగదారుడు ఏదైనా చోటు రాసి ఉంచితే అక్కడికి వెళ్లాలన్నది ఆ రొటీన్ చూస్తే తెలిసే ఉద్దేశం. కానీ రోమ్‌లో, అంటే కంప్యూటర్‌తో పాటే వచ్చే చెరగని మెమరీలో, షరతు తిరగబడింది. సున్నా ఉంటే వెనక్కి రావాలి, ఇంకేదైనా ఉంటే అక్కడికి వెళ్లాలి అని ఉండాల్సిన చోట సరిగ్గా దానికి విరుద్ధంగా రాసేశారు. ఫలితంగా ఆ చోట సున్నా ఉంటే యంత్రం రీసెట్ అవుతుంది, వేరే విలువ ఉంటే ఏమీ జరగదు. ఒక్క ఆదేశంలో వచ్చిన తప్పు వల్ల కంప్యూటర్‌లోనే ఉన్న ఒక మంచి సదుపాయం ఎవరికీ ఉపయోగపడకుండా పోయింది.

మల్టీఫేస్ ఆ రోమ్ మీద ఆధారపడలేదు. ప్రాసెసర్ 102వ చిరునామా చదవబోతోందని గమనించగానే స్పెక్ట్రమ్ రోమ్‌ను పక్కకు తప్పించి, ఆ చోట తన సొంత రోమ్‌ను చూపిస్తుంది. ప్రాసెసర్‌కు ఇదేమీ తెలియదు. ఎప్పటిలాగే దూకుతుంది, వెళ్లి పడేది మాత్రం మల్టీఫేస్ ప్రోగ్రామ్‌లో. డబ్బాలో కొంచెం సొంత రామ్ కూడా ఉంటుంది. అది లేకపోతే ఈ పని సాగదు. ఎందుకంటే మెనూ చూపించడానికి, లెక్కలు చేసుకోవడానికి ఎక్కడో ఒక చోట చోటు కావాలి. ఆట ఆక్రమించిన 48 కిలోబైట్లలో ఒక్క బైటు ముట్టుకున్నా ఆట పాడవుతుంది. వంటగదిని ఉన్నదున్నట్టు ఫొటో తీయాలంటే అందులో కాలు పెట్టకుండా తీయాలి. ఇదీ అంతే.

అయినా రెండు బైట్లు తప్పవు. స్టాక్‌లో రాసిన ఆ చిరునామా ఆట మెమరీలోనే పడుతుంది. మామూలుగా అది ప్రమాదం కాదు, స్టాక్ ఉన్నదే అందుకు. కానీ చురుకైన ప్రోగ్రామర్లు బొమ్మలు వేగంగా గీయడానికి స్టాక్ పాయింటర్‌ను తెర మెమరీ వైపు తిప్పి, వరుసగా పుష్ ఆదేశాలు ఇచ్చేవాళ్లు. సరిగ్గా ఆ క్షణంలో బటన్ నొక్కితే ఆ రెండు బైట్లు తెర మీద రెండు చిన్న మచ్చలుగా పడతాయి. మళ్లీ ఇంకోసారి నొక్కి చూసుకోవడం తప్ప దానికి మందు లేదు.

ఇక ప్రాసెసర్ లోపలి చిన్న నిల్వ గదులైన రిజిస్టర్ల సంగతి. జెడ్80లో మామూలు రిజిస్టర్లతో పాటు వాటికి జతగా మరో సెట్ ఉంటుంది, ఇవి కాక ఇండెక్స్ రిజిస్టర్లు, ఐ, ఆర్ ఉంటాయి. ఇవన్నీ చదివి రాసుకోవచ్చు. కానీ ఇంటరప్ట్ మోడ్ ఏది నడుస్తోందో ప్రాసెసర్‌ను అడిగే దారే లేదు. 0, 1, 2 అని మూడు మోడ్‌లు. పెట్టడానికి ఆదేశాలున్నాయి, చదవడానికి ఒక్కటీ లేదు. కాబట్టి ఐ రిజిస్టర్ విలువను చూసి ఊహించాలి. అందులో స్పెక్ట్రమ్ రోమ్ మామూలుగా పెట్టే విలువే ఉంటే మోడ్ 1, లేకపోతే మోడ్ 2 అన్నది నమ్మదగిన అంచనా. తెర అంచు రంగు కూడా అంతే. రంగు మార్చడానికి ప్రాసెసర్ బయటి భాగాలతో మాట్లాడే ఏ పోర్టుకు రాస్తామో, అదే పోర్టును చదివితే కీబోర్డ్ సమాచారం వస్తుంది. అందుకే సేవ్ చేసిన ఆట మళ్లీ తెరిస్తే అంచు రంగు మారిపోయి కనిపించే వీలుంది.

ఈ ‘రాయగలం కానీ చదవలేం’ అన్నదే ఈ రంగమంతటికీ పెద్ద తలనొప్పి. 128కె స్పెక్ట్రమ్ వచ్చాక ఏ మెమరీ బ్యాంకు వాడుతున్నారో నిర్ణయించే పోర్టు కూడా రాయడానికే తప్ప చదవడానికి కాదు. దానికి మల్టీఫేస్ 128 అనే వేరే డబ్బా కావాల్సి వచ్చింది. కమడోర్ 64లో సంగీతం పలికించే సిడ్ చిప్‌కు 29 రిజిస్టర్లుంటే వాటిలో 25 రాయడానికే పనికొస్తాయి. ఆటను ఆపి మళ్లీ నడిపిస్తే బొమ్మ సరిగ్గానే వస్తుంది, పాట మాత్రం ఒక స్వరం మింగేసినట్టు వినిపించొచ్చు. చిప్ గుర్తుంచుకున్నది చిప్‌కే తెలుసు.

కమడోర్ 64లో దారి వేరు

కమడోర్ ప్రాసెసర్ 6510 తీరు ఇంకోలా ఉంటుంది. ఎన్‌ఎంఐ వచ్చినప్పుడు ఎక్కడికి వెళ్లాలో అది మెమరీ చివరి బైట్లలో చూసుకుంటుంది. కార్ట్రిడ్జ్ అనే డబ్బాను గుచ్చే పోర్టులో రెండు తీగలున్నాయి, గేమ్, ఎక్స్‌రోమ్ అని వాటి పేర్లు. వాటిని ఒక పద్ధతిలో అమరిస్తే మెమరీ చివరి 8 కిలోబైట్లలో కార్ట్రిడ్జ్ రోమ్ ప్రత్యక్షమవుతుంది. బటన్ నొక్కిన క్షణాన కార్ట్రిడ్జ్ చేసేది అదే. ప్రాసెసర్ చిరునామా కోసం చూసే సమయానికి అక్కడ తన చిరునామా ఉంచుతుంది. యాక్షన్ రీప్లేలో 32 కిలోబైట్ల రోమ్, 8 కిలోబైట్ల రామ్ ఉండేవి.

ఆట రాసేవాళ్లు ఊరుకోలేదు. 6510లో ఎన్‌ఎంఐ తీగ పైనుంచి కిందికి దిగిన క్షణాన్నే ప్రాసెసర్ పట్టించుకుంటుంది, కిందే ఉండిపోతే పట్టించుకోదు. అందుకని ప్రోగ్రామే ముందుగా ఒక టైమర్‌తో ఎన్‌ఎంఐ తెప్పించి, దానికి జవాబివ్వకుండా వదిలేస్తుంది. తీగ కిందే ఉండిపోతుంది. ఇక ఎవరు నొక్కినా దిగడానికి మెట్టు లేదు. కీబోర్డ్ మీది రీస్టోర్ కీ పనిచేయకుండా చేయడానికి ఇది అందరూ వాడిన చిట్కా. ఎన్‌ఎంఐనే నమ్ముకున్న కార్ట్రిడ్జ్‌లకూ ఇదే అడ్డు, కాబట్టి వాటి తయారీదారులు వేరే దారులు కూడా వెతకాల్సి వచ్చింది. ఎవరూ కాదనలేని పిలుపును కాదనడానికి కూడా మనిషి ఒక దారి కనుక్కున్నాడు. ఆ తెలివికి మెచ్చుకోవాలి.

కమడోర్ వాళ్లు ఈ కార్ట్రిడ్జ్‌లు కొన్నది కాపీల కోసమే అనుకుంటే పొరపాటు. ఎక్కువగా విసిగించింది 1541 డిస్క్ డ్రైవ్. ఫ్లాపీలో 170 కిలోబైట్లు పడతాయి, కానీ సెకనుకు దాదాపు 400 బైట్లే వస్తాయి. 40 కిలోబైట్ల ప్రోగ్రామ్‌కు వంద సెకన్లు. డిస్క్ వేగం టేపు వేగంతో పోటీ పడుతోందంటే పరిస్థితి ఊహించుకోవచ్చు. దీనికి మూలం అంతకుముందు వచ్చిన విక్-20లో ఉంది. అందులోని 6522 చిప్‌లో బైటు మొత్తాన్ని వరుసగా పంపే భాగంలో లోపం ఉండటంతో ఒక్కో బిట్‌నూ సాఫ్ట్‌వేర్‌తో పంపే పద్ధతికి దిగారు. తర్వాతి కంప్యూటర్ పాత డ్రైవ్‌లతో కలిసి నడవాలి కాబట్టి ఆ పద్ధతే కొనసాగింది. పైగా కమడోర్ 64లో వీడియో చిప్ మధ్యమధ్యలో ప్రాసెసర్ సమయాన్ని లాక్కుంటుంది కాబట్టి ఇంకా నెమ్మదించాల్సి వచ్చింది.

అయితే ఆ డ్రైవ్‌లో ఒక వరం దాగి ఉంది. అది నిజానికి ఇంకో కంప్యూటర్. లోపల దానికి సొంత 6502 ప్రాసెసర్, 2 కిలోబైట్ల రామ్ ఉన్నాయి. బయటి నుంచి దానికి ప్రోగ్రామ్ పంపి నడిపించవచ్చు. 1984లో వచ్చిన ఎపిక్స్ ఫాస్ట్‌లోడ్ కార్ట్రిడ్జ్ ఇదే చేసింది. డ్రైవ్‌లోకి కొత్త ప్రోగ్రామ్ పంపి, రెండు వైపులా సమాచారం పంపుకునే మెరుగైన పద్ధతి పెట్టింది. అదే తీగ, అదే ఫ్లాపీ, వేగం మాత్రం ఐదు రెట్లు అని వాళ్ల ప్రకటన. తర్వాత వచ్చిన యాక్షన్ రీప్లే, ఫైనల్ కార్ట్రిడ్జ్ 3 లాంటివి ఫాస్ట్ లోడర్, ఆటను ఆపి దాచే ఫ్రీజర్, మెమరీని చూసి మార్చే మెషిన్ కోడ్ మానిటర్, డిస్క్ కాపీ సాధనాలు అన్నీ ఒకే డబ్బాలో కుక్కాయి. చాలా ఇళ్లలో ఆ కార్ట్రిడ్జ్ తీయకుండా పోర్టులోనే ఉండిపోయేదంటే దానికి కారణం రోజూ ఆదా అయ్యే ఆ నిమిషాలే.

ఒక సున్నా విలువ

ఆగిన యంత్రం ముందు కూర్చుంటే ఇంకో తలుపు తెరుచుకుంటుంది. మెమరీలో ఏముందో చూడొచ్చు, మార్చొచ్చు. 1983లో వచ్చిన మానిక్ మైనర్ ఆటలో 35136వ చిరునామాలో సున్నా పెడితే ప్రాణాలు అయిపోవు. ఆ చోట ఉన్నది ప్రాణాల లెక్కలో ఒకటి తగ్గించే ఆదేశం. జెడ్80 భాషలో సున్నా అంటే ‘ఏమీ చేయకుండా ముందుకెళ్లు’ అని. చచ్చినా లెక్క తగ్గదు. ఒక చిరునామాలో ఒక విలువ పెట్టే ఇలాంటి ‘పోక్‌లు’ పత్రికల్లో నెలనెలా అచ్చయ్యేవి. మల్టీఫేస్ ఉన్నవాళ్లు బటన్ నొక్కి, ఆ రెండు అంకెలు కొట్టి, మళ్లీ ఆటలోకి వెళ్లిపోయేవాళ్లు. అది లేనివాళ్లు ఆటను టేపు నుంచి మెమరీలోకి తెచ్చే లోడర్‌ను ముందు ఛేదించాలి, అది అందరి వల్లా అయ్యే పని కాదు.

ఆ రెండు అంకెల వెనక ఏముందో తెలుసుకోవాలన్న ఆసక్తి కలిగిన పిల్లలకు ఇది బడిలా పనిచేసింది. మెమరీలోని అంకెలను చదవగలిగే ఆదేశాలుగా చూపే జీనీ అనే డిస్‌అసెంబ్లర్ మల్టీఫేస్‌కు విడిగా దొరికేది. ప్రాణాల చిరునామా వెతికి పెట్టడానికి లైఫ్‌గార్డ్ అనే ఇంకో ప్రోగ్రామ్ ఉండేది. ఎవరో రాసిన ప్రోగ్రామ్‌ను నడుస్తుండగా ఆపి, విప్పి, చదివే అవకాశం అంతకుముందు ఎక్కువగా పెద్ద సంస్థల్లోని ఇంజనీర్లకే ఉండేది. కాపీల మాట పక్కన పెట్టి చూస్తే ఈ పరికరాలు చేసిన మేలు ఇక్కడే ఎక్కువ. కొనుక్కున్న యంత్రం లోపల ఏం జరుగుతోందో చూసే హక్కు కొనుక్కున్నవాడికి ఉండాలి. దాన్ని ఈ డబ్బాలు మాటలతో వాదించలేదు, బటన్ పెట్టి చూపించాయి.

తాళాలు, చట్టాలు

ఆట కంపెనీల వాదనలోనూ నిజముంది. రెండు డెక్కుల టేప్ రికార్డర్‌తో క్యాసెట్‌ను కాపీ చేస్తే చప్పుడు నాణ్యత తగ్గుతుంది, కాపీకి కాపీ తీస్తే లోడ్ కావడమే కష్టం. కంపెనీలు టేపు మీది సంకేతాల పద్ధతిని మార్చి, కోడ్‌ను గుప్తంగా దాచి, స్పీడ్‌లాక్ లాంటి సొంత లోడర్లు వాడటం మొదలుపెట్టాయి. బైట్లను చదివి కాపీ చేసే ప్రోగ్రామ్‌లు వాటి ముందు నిలవలేకపోయాయి. ఎర్ర బటన్ మాత్రం ఆ తాళాల జోలికే పోదు. తాళం తీసే పని ఆటే చేసుకుంటుంది. అది పూర్తయి, ఆట మొదలై, అంతా మెమరీలో విప్పి ఉన్నాక బటన్ నొక్కితే తాళం లేని ఇల్లే చేతికొస్తుంది.

దీనికి లెన్స్‌లాక్ మంచి ఉదాహరణ. 1985లో స్పెక్ట్రమ్‌కు వచ్చిన ఎలైట్ ఆట పెట్టెలో మడిచే ప్లాస్టిక్ అద్దం ఒకటి ఇచ్చారు. ఆట లోడ్ అయ్యాక తెర మీద ముక్కలు ముక్కలుగా కనిపించే అక్షరాలను ఆ అద్దంలోంచి చూస్తే సరైన అక్షరాలు కనిపించాలి. వాటిని టైప్ చేస్తేనే ఆట. టీవీ మరీ పెద్దదైనా మరీ చిన్నదైనా అక్షరాలు కుదిరేవి కావు. కొన్ని పెట్టెల్లో వేరే ఆటకు చెందిన అద్దం కూడా వచ్చింది. డబ్బు పెట్టి కొన్నవాడు తెర ముందు ఒక కన్ను మూసుకుని టెన్షన్ పడాలి. ఆ గండం ఒక్కసారి దాటాక బటన్ నొక్కి సేవ్ చేసుకుంటే మళ్లీ అద్దంతో పనే లేదు. నిజాయితీగా కొన్నవాడికే ఎక్కువ ఇబ్బంది పెట్టిన తాళం అది. అలాంటి చోట బ్యాకప్ అన్న మాటకు పూర్తి అర్థం ఉంది.

చట్టాలు ఈ తేడాను రకరకాలుగా చూశాయి. అమెరికాలో 1980లోనే కాపీరైట్ చట్టంలోని 117వ సెక్షన్ ప్రోగ్రామ్ సొంతదారుకు బ్యాకప్ కాపీ తీసుకునే వీలిచ్చింది. అయితే అటారీ గేమ్ కార్ట్రిడ్జ్‌లను కాపీ చేసే ప్రామ్ బ్లాస్టర్ అనే పరికరం అమ్మిన జేఎస్‌అండ్‌ఏ కంపెనీ మీద 1983లో కేసు పడితే, ఫెడరల్ కోర్టు ఆ సాకును ఒప్పుకోలేదు. టేపు, ఫ్లాపీ లాగా చెడిపోయే ప్రమాదం ఉన్నవాటికే ఆ వెసులుబాటు, రోమ్ కార్ట్రిడ్జ్‌కు అది వర్తించదన్నది కోర్టు దృష్టి. 1988లో ఇంకో కేసు ఉల్టా తీర్పుతో ముగిసింది. ఫ్లాపీ రక్షణను దాటి కాపీ చేసే సాఫ్ట్‌వేర్ అమ్మిన క్వాయిడ్ మీద వాల్ట్ కంపెనీ వేసిన కేసులో, బ్యాకప్ తీసుకోవడం న్యాయమైన అవసరమే కాబట్టి ఆ సాధనాన్ని అమ్మడం తప్పు కాదని ఐదో సర్క్యూట్ అప్పీలు కోర్టు చెప్పింది.

బ్రిటన్‌లో 1988 కాపీరైట్ చట్టం 296వ సెక్షన్ కాపీ రక్షణను దాటడం కోసమే ప్రత్యేకంగా తయారు చేసిన పరికరాల మీద కన్నేసింది. ఆ తర్వాత డాటెల్ ప్రకటనల్లో ఒక హెచ్చరిక కనిపించడం మొదలైంది. కాపీరైట్ ఉన్నవాటిని కాపీ చేయడాన్ని తాము సమర్థించబోమని, సొంత ప్రోగ్రామ్‌లకు, అనుమతి ఉన్నవాటికే ఈ సదుపాయమని దాని సారాంశం. అదే ఏడాది హౌస్ ఆఫ్ లార్డ్స్‌లో ఇంకో కేసు తేలింది. రెండు డెక్కుల టేప్ రికార్డర్ అమ్మడమే కాపీకి అనుమతి ఇచ్చినట్టు కాదని ఆమ్‌స్ట్రాడ్ కంపెనీకి అనుకూలంగా తీర్పు వచ్చింది. స్పెక్ట్రమ్ బ్రాండ్‌ను 1986లో సింక్లెయిర్ నుంచి కొన్నది కూడా ఈ ఆమ్‌స్ట్రాడే. బ్యాకప్ కాపీ హక్కు బ్రిటన్ చట్టంలోకి స్పష్టంగా వచ్చింది 1993 ఆరంభంలోనే. మన దేశంలో 1994 సవరణతో కాపీరైట్ చట్టం 52వ సెక్షన్‌లో ఈ హక్కు చేరింది. పోవడం, నాశనం కావడం, పాడవడం నుంచి తాత్కాలిక రక్షణగా మాత్రమే బ్యాకప్ తీసుకోవచ్చని అందులో ఉంది. ఇవి అమల్లోకి వచ్చేసరికి స్పెక్ట్రమ్ తయారీ ఆగిపోయింది.

బటన్‌కు అందనివి

మెమరీని మాత్రమే ఎత్తుకోవడం వల్ల పోయినవి చాలానే ఉన్నాయి. తొలి లెవల్ మెమరీలోకి, మిగతావి టేపులోనే ఉండే ఆటలుంటాయి. బటన్ నొక్కితే దొరికేది తొలి లెవల్ ఒక్కటే, రెండోదానికి మళ్లీ అసలు క్యాసెట్టే దిక్కు. ఫ్లాపీ ఆటల్లో ఇంకా కష్టం. మధ్యమధ్యలో డిస్క్‌ను వెతికే ఆట తన పాత డిస్క్‌నే వెతుకుతుంది. ఇలా దాచుకున్న ఫైళ్లలో కొన్నిటిని మళ్లీ లోడ్ చేయాలంటే ఆ డబ్బా తగిలించి ఉండాలని కొన్ని తయారీలు షరతు పెట్టాయి. లోడింగ్ బొమ్మ, లోడర్‌లో మోగే సంగీతం, తాళం కోడ్, టేపు రెండోవైపు ఉన్న ఇంకో ప్రోగ్రామ్ ఇవేవీ ఆ ఫైల్లో ఉండవు. ఆట ఆడుకోవడానికి ఇది చాలు. చరిత్రగా దాచడానికి చాలదు.

ఆ తేడా ఇప్పుడు పాత సాఫ్ట్‌వేర్‌ను కాపాడుతున్నవాళ్ల పనిలో స్పష్టంగా కనిపిస్తుంది. పాత కంప్యూటర్లను అనుకరించే ఎమ్యులేటర్ ప్రోగ్రామ్‌లలో నేటికీ వాడే ఎస్‌ఎన్‌ఏ ఫైలునే తీసుకుంటే 48కె స్పెక్ట్రమ్‌కు దాని పరిమాణం సరిగ్గా 49,179 బైట్లు. మొదటి 27 బైట్లలో రిజిస్టర్లు, మిగతా 49,152 బైట్లు మెమరీ అచ్చంగా. ఎక్కడ ఆగిందో ఆ చిరునామాకు మాత్రం ఆ 27లో చోటు లేదు. అది స్టాక్‌లోనే ఉంటుంది. ఎన్‌ఎంఐ నుంచి తిరిగి వెళ్లే ఆదేశాన్ని నడిపి ప్రోగ్రామ్‌ను మళ్లీ మొదలుపెట్టాలి. అంటే ఆ ఫైల్ రూపంలోనే ఎర్ర బటన్ వేలిముద్ర ఉంది. బటనే లేని ల్యాప్‌టాప్‌లో ఆ ఫైల్ తెరిచినా, ఎవరో బటన్ నొక్కి వదిలినట్టే యంత్రం మేలుకుంటుంది.

అసలు టేపును దాచాలనుకునేవాళ్లు టీజెడ్‌ఎక్స్ ఫైళ్లు వాడతారు. అందులో బైట్లతో పాటు పల్స్‌ల నిడివి కూడా నమోదవుతుంది, కాబట్టి స్పీడ్‌లాక్ లాంటి లోడర్లు వాటి తాళంతో సహా నిలుస్తాయి. ఫ్లాపీలకు క్రయోఫ్లక్స్, గ్రీజ్‌వీజిల్ లాంటి బోర్డులున్నాయి. ఇవి ఫైళ్లను చదవవు. డిస్క్ మీద అయస్కాంత దిశ ఎప్పుడెప్పుడు మారిందో ఆ సమయాలనే కంప్యూటర్‌కు పంపుతాయి. అర్థం చెప్పుకోవడం తర్వాతి పని. ఫ్రీజర్ పరికరం యంత్రం స్థితిని పట్టుకుంటే, ఈ బోర్డులు వస్తువునే పట్టుకుంటాయి. రెండూ కావాలి. నడిచే ఆట ఒకటి, దాన్ని మోసిన క్యాసెట్ ఒకటి. ఏ ఒక్కటి పోయినా సగం చరిత్ర పోయినట్టే.

భారత్‌లోనూ ఈ పని మిగిలి ఉంది. 1980ల రెండో సగంలో డెసిబెల్స్ ఎలక్ట్రానిక్స్ లైసెన్స్‌తో డీబీ స్పెక్ట్రమ్ ప్లస్ అమ్మింది. 1984లో మొదలైన, బడుల్లో కంప్యూటర్ చదువు కోసం ఉద్దేశించిన క్లాస్ పథకం కింద దేశంలోని బడులకు బీబీసీ మైక్రో కంప్యూటర్లు వచ్చాయి. వాటిపై అప్పటి విద్యార్థులు, ఉపాధ్యాయులు రాసుకున్న ప్రోగ్రామ్‌లు ఏ అంగడిలోనూ దొరికేవి కావు, ఏ ఆర్కైవ్‌లోనూ వాటికి రెండో కాపీ ఉండే ఆశ తక్కువ. అటక మీద పెట్టెలో ఉన్న క్యాసెట్టే ఏకైక ప్రతి కావచ్చు. విశాఖ, కాకినాడ లాంటి తీరపు ఉక్కలో టేపుకు బూజు పట్టడం ఎంత తేలికో పాత పాటల క్యాసెట్లు ఉన్న ఏ ఇంట్లో అడిగినా చెబుతారు. బూజు పట్టిన టేపును రికార్డర్‌లో పెట్టి తిప్పితే ఆ బూజు హెడ్‌కు అంటుకుని తర్వాతి టేపుకూ పాకుతుంది. ముందు శుభ్రం చేసి, ఆ తర్వాతే, ఒక్కసారిలోనే, సౌండ్ కార్డ్ ద్వారా పూర్తి చప్పుడుగా రికార్డ్ చేసుకోవాలి. దాన్ని ప్రోగ్రామ్‌గా మార్చడం నిదానంగా చూసుకోవచ్చు.

ఇప్పుడు తగిలించేవి

నేటి పరికరాల్లో ఎస్‌డీ కార్డు వచ్చి చేరింది. స్పెక్ట్రమ్‌కు డివ్‌ఎంఎంసీ, కమడోర్‌కు ఎస్‌డీ2ఐఈసీ, 1541 అల్టిమేట్, అమీగాకు ఫ్లాపీ డ్రైవ్ స్థానంలో గోటెక్. వేలిగోరంత కార్డులో వేల ఆటలు పడతాయి. డివ్‌ఎంఎంసీ మీద కూడా ఎన్‌ఎంఐ బటన్ ఉంది. అది నొక్కితే ఫైళ్ల జాబితా వస్తుంది, నడుస్తున్న ఆటను స్నాప్‌షాట్‌గా దాచుకోవచ్చు. కొత్తగా తయారైన స్పెక్ట్రమ్ నెక్స్ట్‌లో మల్టీఫేస్ సదుపాయం యంత్రంలోనే కలిసిపోయింది. 1982 రోమ్‌లో ఒక్క ఆదేశం తిరగబడటం వల్ల పోయిన బటన్, ఇన్నేళ్లకు కంప్యూటర్‌లోనే భాగమైంది.

పాత డబ్బానే వాడాలనుకునేవాళ్లు కొన్ని జాగ్రత్తలు తీసుకోవాలి. కరెంటు ఉండగా కంప్యూటర్ వెనక ఉండే ఎడ్జ్ కనెక్టర్‌కు ఏదీ తగిలించకూడదు, తీయకూడదు. కాస్త పక్కకు జరిగి రెండు పట్టీలు తాకితే చాలు, చిప్ పోతుంది. ముందుగా ఆ పట్టీలను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవాలి. మసి పట్టిన కనెక్టర్ వల్ల వచ్చే హ్యాంగ్‌లను కంప్యూటర్‌లోని లోపంగా భావించి విప్పి పాడు చేసుకున్నవాళ్లు ఉన్నారు. కమడోర్ 64 పాత పవర్ సప్లై ఇటుకను అసలు నమ్మకూడదు. లోపలి రెగ్యులేటర్ చెడితే 5 వోల్టులు రావాల్సిన చోట ఎక్కువ వోల్టేజ్ వచ్చి మెమరీ చిప్‌లను కాల్చేస్తుంది. కొత్త సప్లై కొనడం, లేదా వోల్టేజ్ పెరగగానే తెంచేసే చిన్న రక్షణ బోర్డు మధ్యలో పెట్టడం తప్పనిసరి.

ఆఖరుగా ఆ డబ్బా లోపలికి చూడాలి. అలాంటి చాలా పరికరాల్లో ప్రోగ్రామ్ ఉన్నది ఈప్రామ్ చిప్‌లో. దాని నడుమ ఒక గాజు కిటికీ, దాని మీద అంటించిన కాగితం ఉంటాయి. అతినీలలోహిత కాంతి తగిలితే లోపలిది చెరిగిపోతుంది, కాగితం అందుకే. నలభై ఏళ్లలో ఆ జిగురు ఎండి కాగితం ఊడిపోయి ఉండొచ్చు. కాంతి తగలకున్నా అందులోని విద్యుదావేశం కాలంతో సన్నగిల్లుతుంది. పైగా ఆ రోమ్ తాను తీసిన ఏ స్నాప్‌షాట్‌లోనూ ఉండదు. ఆట మెమరీని దాచే సమయంలో అది పక్కనే నిలబడి పని చేస్తుంది, ఫైల్లోకి వెళ్లదు. కాబట్టి డబ్బా చేతికొచ్చిన రోజునే చిప్‌ను ఈప్రామ్ ప్రోగ్రామర్ అనే పరికరంలో పెట్టి చదవాలి. ఒకటికి రెండుసార్లు చదివి, రెండు ఫైళ్లూ ఒకేలా ఉన్నాయని సరిచూసుకోవాలి. ఆ తర్వాత కిటికీ మీద కాంతి చొరబడని కొత్త స్టిక్కర్ అంటించి, అప్పుడు డబ్బా మూయాలి.